కరెంటు పెడితే మోషన్ దానంతటదే వస్తుందట, నిజమేనా?

పెద్దోడు
సోమవారం, రాత్రి 10:48

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. మా తమ్ముడు మూడున్నరేళ్ళ కిందట ఎత్తు మీంచి పడ్డాడు, వెన్నుపాము దెబ్బతింది. వయసు 29. కాళ్ళలో కదలిక లేదు. వీల్‌చైర్ ఎక్కడం, దిగడం, స్నానం, మూత్రానికి కేథటర్ (గొట్టం) పెట్టుకోవడం అన్నీ తనే చూసుకుంటాడు. గొడవంతా మోషన్‌తోనే.

రాత్రి పడుకునే ముందు మోషన్ మెత్తబడడానికి సిరప్. పొద్దున ఐదింటికి లేచి ఒక సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందు), అరగంట ఆగి ఇంకొకటి. ఆ తర్వాత నేను గ్లౌజు వేసుకుని... మీకు తెలిసిందే. మొన్న గడియారం చూసుకుంటే మొత్తం రెండు గంటల పది నిమిషాలు పట్టింది. అంత చేశాక కూడా పదకొండింటికి బట్టల్లో అయిపోయింది. వాడు ఉద్యోగం వదిలేసింది కాళ్ళు రానందుకు కాదు, దీనికోసమే.

ఈమధ్య వీడియోలు చూస్తుంటే ఒకదాంట్లో నడుము దగ్గర చిన్న మెషీన్ పెట్టి నరానికి కరెంటు ఇస్తున్నారు. ఇంకోదాంట్లో చీలమండ దగ్గర సూది. మరోదాంట్లో పొట్టకు బెల్టు. మూడూ ఒకటేనా? ఎవరైనా వాడారా? మా వాడికి ఏది పనికొస్తుంది?


కుంటుతూ_నడుస్తా
సోమవారం, రాత్రి 11:20

పెద్దోడు గారూ, మూడూ ఒకటి కావండీ. కరెంటు అన్న మాట ఒక్కటే కామన్. నడుము దగ్గర పెట్టేది నా ఒంట్లోనే ఉంది కాబట్టి దాని సంగతి చెప్తాను.

నాది అసంపూర్ణ గాయం. కర్ర సాయంతో నడుస్తాను, కింద స్పర్శ కొంత మిగిలింది. నా బాధ మోషన్ రాకపోవడం కాదు, వచ్చినప్పుడు ఆపుకోలేకపోవడం. నడుము కింద ఉండే త్రికాస్థి ఎముకకు రంధ్రాలుంటాయి. మూడో రంధ్రంలోంచి ఎస్3 (త్రికాస్థి మూడో నరం) పక్కకు సన్నటి తీగ పంపిస్తారు. నాకు పెడుతున్నంతసేపూ డాక్టరుగారు నా కాలి బొటనవేలి వంకే చూస్తున్నారు. కరెంటు ఇవ్వగానే ఆ వేలు కిందికి వంగి, మలద్వారం చుట్టూ ఉన్న కండరం లోపలికి లాక్కుంటే తీగ సరైన చోట ఉన్నట్టట.

ముందు ట్రయల్ ఉంటుంది. తీగ లోపల, చిన్న పెట్టె బయట బెల్టుకు. చేతిలో డైరీ. ట్రయల్‌కు ముందు రెండు వారాల్లో నాకు 9 సార్లు బట్టల్లో అయింది, ట్రయల్ రెండు వారాల్లో 3 సార్లు. కనీసం సగానికి తగ్గితేనే పర్మనెంటు బ్యాటరీ పెడతారు, పిరుదు పైభాగంలో చర్మం కింద. అదే వారం ట్రయల్ చేయించుకున్న ఇంకొకాయనకు 8 నుంచి 7 అయింది. తీగ తీసేసి ఇంటికి పంపేశారు.

మలబద్ధకం మాత్రం నాకు ముందెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. అది ముందే చెప్పేస్తున్నా.


పెద్దోడు
సోమవారం, రాత్రి 11:41

చాలా థాంక్సండీ. మా వాడికి రెండు బాధలూ ఉన్నాయి. రావాల్సినప్పుడు రాదు, రాకూడనప్పుడు ఆగదు. స్పర్శ అయితే అస్సలు లేదు.


నాలుగు_చక్రాలు
మంగళవారం, ఉదయం 6:15

నేను టీ5 (ఛాతీ దగ్గర), పూర్తి గాయం. నాకున్నది ఇంకో రకం, మీ లిస్టులో లేదు. 1970ల్లో లండన్‌లో జైల్స్ బ్రిండ్లీ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి. ఎస్2, ఎస్3, ఎస్4 నరాల ముందు వేళ్ళకు, అంటే వెన్నుపాము నుంచి కండరాలకు ఆజ్ఞ మోసుకెళ్ళే వేళ్ళకు, ఎలక్ట్రోడ్లు తగిలిస్తారు. లోపల బ్యాటరీ ఉండదు. పక్కటెముకల కింద చర్మంలో ఒక రిసీవర్ ఉంటుంది, బయటి పెట్టె తాలూకు బిళ్ళ దాని మీద ఆనిస్తే రేడియో తరంగాలతోనే పవర్ అందుతుంది. ఒక ప్రోగ్రాం మూత్రానికి, ఒకటి మోషన్‌కు.

ఎలా పనిచేస్తుందంటే, ఆ నరాలు మలాశయం గోడనూ బిగిస్తాయి, మలద్వారం మూసే కండరాన్నీ బిగిస్తాయి. రెండూ ఒకేసారి బిగుసుకుంటే ఇక బయటికి ఏం వస్తుంది? కిటుకు ఇక్కడే ఉంది. మూసే కండరం చటుక్కున బిగుసుకుని, కరెంటు ఆగగానే చటుక్కున వదిలేస్తుంది. పేగు కండరం మందకొడి. మెల్లగా మొదలవుతుంది, కరెంటు ఆగాక కూడా కాసేపు నొక్కుతూనే ఉంటుంది. అందుకని కొన్ని సెకన్లు కరెంటు, తర్వాత గ్యాప్, మళ్ళీ కరెంటు. మోషన్ వచ్చేది ఆ గ్యాప్‌లో. నాకు ఇరవై అయిదు నిమిషాల్లో అయిపోతుంది. ముందు గంటన్నర పట్టేది.

దీనికి మూల్యం కూడా వినండి. ఆపరేషన్‌లో వెనక వేళ్ళు, అంటే స్పర్శ మోసేవి, కోసేస్తారు. మూత్రాశయం తనంతట తాను ముడుచుకోవడం ఆగిపోవాలని. కోశాక ఇక అతకవు. కింద కాస్త స్పర్శ మిగిలినవాళ్ళకు అదీ పోతుంది. మగవాళ్ళకు అప్రయత్నంగా వచ్చే అంగస్తంభన పోతుంది. ఇంకొకటి, నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. సపోజిటరీ, వేలితో ప్రేరేపించడం కూడా ఆ స్పర్శ నరాల దారిలోనే పనిచేస్తాయి. ఒకసారి ఊరెళ్తూ బయటి పెట్టె ఇంట్లో మర్చిపోయా. మూడు రోజులు. ఏ సపోజిటరీ పెట్టినా చలనం లేదు, అంతా చేత్తో తీయాల్సి వచ్చింది. ఇప్పుడు ముందు ఆ పెట్టె సర్దాకే బట్టలు సర్దుతాను.


గెలుపు_మనదే
మంగళవారం, ఉదయం 9:02

ఆపరేషన్లు ఎందుకు బ్రదర్?? మా దగ్గర పల్స్ మెషీన్ ఉంది, అరికాలికి పెట్టుకుంటే 21 రోజుల్లో చచ్చిన నరాలు కూడా లేస్తాయి. వివరాలకు

[ఈ పోస్టులో కొంత భాగాన్ని నిర్వాహకులు తొలగించారు]


నిర్వాహకులు
మంగళవారం, ఉదయం 9:30

అమ్మకాలు ఇక్కడ వద్దని ఇంతకుముందే రెండుసార్లు చెప్పాం. ఈసారి ఖాతా తీసేశాం. మిగతావాళ్ళు కొనసాగించండి.


లక్ష్మి_అమ్మ
మంగళవారం, మధ్యాహ్నం 1:10

బాబూ, మెషీన్లు కొనేముందు నా మాట ఒకటి విను. మా అబ్బాయికి కూడా ఎవరో చెప్పారని టెన్స్ మెషీన్ తెచ్చి నడుము కింద ప్యాడ్లు అంటించాం. ప్యాడ్ పాతబడి ఒక అంచు ఎండిపోయి పైకి లేచింది, మేం చూసుకోలేదు. అంటుకున్న కాస్త జాగాలోంచే కరెంటంతా పోయింది. మామూలు మనిషికైతే చురుక్కుమని తీసిపారేసేవాడు. వీడికి స్పర్శ లేదు కదా, హాయిగా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. తీసి చూస్తే బఠానీ గింజంత తెల్లమచ్చ. మర్నాటికి నల్లబడింది. మానడానికి రెండున్నర నెలలు పట్టింది, ఆ రెండున్నర నెలలూ బోర్లా పడుకోబెట్టే ఉంచాం.


పెద్దోడు
మంగళవారం, మధ్యాహ్నం 1:32

అమ్మో. అలాంటి మెషీన్ ఒకటి నిన్ననే ఆర్డర్ పెట్టబోయి ఆగానండీ.


ఫిజియో_మాధవి
మంగళవారం, రాత్రి 9:05

పెద్దోడు గారూ, ఏ మెషీన్ అన్నది తర్వాత చూద్దాం. ముందు నాకు మూడు విషయాలు చెప్పండి.

డిశ్చార్జి కాగితంలో ఏ పూస విరిగిందని రాశారు?

తమ్ముడి కాళ్ళు బిగుసుకుపోతాయా, ఒక్కోసారి వాటంతటవే ఎగిరిపడతాయా? లేక మెత్తగా వేలాడుతుంటాయా?

మీరు వేలు లోపల పెట్టినప్పుడు చుట్టూ కండరం వేలిని పట్టుకున్నట్టు ఉంటుందా, వదులుగా ఉంటుందా?


పెద్దోడు
మంగళవారం, రాత్రి 9:50

కాగితం తీసి చూశాను మేడమ్. ఎల్1 బర్స్ట్ ఫ్రాక్చర్ అని ఉంది, అంటే నడుములో మొదటి పూస నుజ్జయిందట.

కాళ్ళు ఎప్పుడూ ఎగిరిపడలేదు. మెత్తగానే ఉంటాయి, పిక్కలు బాగా సన్నబడిపోయాయి. ఆ కండరం వదులుగానే ఉంటుంది, పట్టుకున్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు. అందరికీ అలాగే ఉంటుందనుకున్నాను.


ఫిజియో_మాధవి
మంగళవారం, రాత్రి 10:37

అదేనండీ, నాకు అనుమానం వచ్చింది అందుకే. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

వెన్నుపాము వెన్నెముక చివరిదాకా ఉండదు. పెద్దవాళ్ళలో ఎల్1, ఎల్2 పూసల దగ్గరే అయిపోతుంది. ఆ కొసలోనే ఎస్2, ఎస్3, ఎస్4 నాడీకణాలు ఒత్తుగా ఉంటాయి. మలాశయానికి, మూత్రాశయానికి, మూసే కండరాలకు నరాలు అక్కణ్ణుంచే బయల్దేరతాయి. మెడ దగ్గరో ఛాతీ దగ్గరో దెబ్బ తగిలితే ఆ కొస బాగానే ఉంటుంది, మెదడుతో సంబంధం మాత్రం తెగిపోతుంది. అప్పుడు కింద రిఫ్లెక్స్, అంటే మెదడుతో పనిలేకుండా దానంతటదే వచ్చే స్పందన, బతికే ఉంటుంది. వేలితో గుండ్రంగా పదిహేను, ఇరవై సెకన్లు తిప్పితే పేగు దానంతటదే ముడుచుకుంటుంది. సపోజిటరీ పనిచేస్తుంది. కాళ్ళు బిగుసుకుంటాయి. నాలుగు_చక్రాలు గారిది ఇదే రకం.

ఎల్1 దగ్గర విరిగితే దెబ్బ తగిలేది సరిగ్గా ఆ కొసకే. నాడీకణాలే పోతాయి. అప్పుడు రిఫ్లెక్స్ ఉండదు, కండరం వదులైపోతుంది, కాళ్ళు మెత్తబడి సన్నబడతాయి. వేలితో ఎంతసేపు తిప్పినా లోపలినుంచి జవాబు రాదు. మీరు రెండు గంటలు చేస్తున్నది ఈ జవాబు కోసమే అని నా భయం.

చూడకుండా నేను ఖాయంగా చెప్పలేను. కొందరిలో సగం సగం మిగులుతుంది. డాక్టరు దగ్గర రెండు నిమిషాల పరీక్ష. మలద్వారం పక్క చర్మాన్ని సూది మొనతో తాకితే అది ముడుచుకుంటుందా? కేథటర్‌ను మెల్లగా ఒక్కసారి లాగితే, లోపలున్న వేలి చుట్టూ కండరం బిగుసుకుంటుందా? ఈ రెండూ చూడమని అడగండి.


పెద్దోడు
మంగళవారం, రాత్రి 11:15

మూడున్నరేళ్ళుగా మాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు మేడమ్. డిశ్చార్జి రోజున ఒక చీటీ ఇచ్చి ఇలా చేయండన్నారు, చేస్తున్నాం.

అయితే మా వాడికి కరెంటు పనికిరాదా?


నిద్రపట్టని_నరం
బుధవారం, రాత్రి 1:48

స్విచ్ ఉంది, బల్బు ఉంది, మధ్యలో వైరే కాలిపోయింది. అంతే.


ఫిజియో_మాధవి
బుధవారం, ఉదయం 7:20

పోలిక బాగుంది కానీ పూర్తిగా నిజం కాదు. పేగు గోడలోనే సొంత నరాల వల ఒకటి ఉంటుంది. అది వెన్నుపాముతో పనిలేకుండా నడుస్తుంది, అందుకే ఆలస్యంగానైనా మోషన్ కిందికి దిగుతుంది. పోయింది చివర్లో బలంగా తోసే శక్తి, మూసి ఉంచే శక్తి.

కరెంటు సంగతికొస్తే, మనం వాడే ఈ మెషీన్లన్నీ దాదాపుగా నరాన్ని లేపుతాయి, నేరుగా కండరాన్ని కాదు. నరం బతికి ఉంటే సెకనులో అయిదువేలవ వంతు పల్స్ కూడా చాలు. నరం చచ్చిపోయిన కండరాన్ని కదిలించాలంటే పల్స్ దానికి కొన్ని వందల రెట్లు పొడవుండాలి. తొడ కండరం మీద అలాంటి ప్రయత్నాలు జరిగాయి కానీ మలాశయానికి ఆ దారి లేదు. బ్రిండ్లీ పద్ధతికి ఎవరిని ఎంచుకోవాలన్నా మొదటి షరతు ఇదే, కింది నాడీకణాలు బతికి ఉండాలి.


సీ6_సుబ్బు
బుధవారం, ఉదయం 11:40

పొట్ట బెల్టు గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. నాది సీ6, అంటే మెడ దగ్గర. (టైపింగ్ అంతా బొటనవేలి పక్క భాగంతోనే, తప్పులుంటే సర్దుకోండి.)

బెల్టు లేపేది పేగును కాదు, పొట్ట కండరాలను. మీరు దగ్గినప్పుడు, ముక్కినప్పుడు పొట్ట బిగుస్తుంది చూడండి, అది. నాకు ఆ కండరాలు నా మాట వినవు, కానీ వాటి నరాలు బతికే ఉన్నాయి. కరెంటు ఇస్తే బిగుస్తాయి. అమెరికాలో ఒక బృందం దీన్ని పరీక్షించి 2004లో రాసింది, చేతులు కాళ్ళు రెండూ పడిపోయినవాళ్ళకు మోషన్ మొదలయ్యే టైమూ, మొత్తం టైమూ తగ్గాయని. చిన్న స్టడీయే. నాకు మాత్రం గంటా ఇరవై నుంచి యాభై నిమిషాలకు వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. పెద్దోడు గారి తమ్ముడికి ఎల్1 అంటున్నారు. పొట్ట కండరాలకు నరాలు ఛాతీ కింది భాగంనుంచి వస్తాయి, దెబ్బకు పైనే. అంటే అతను సొంతంగానే ముక్కగలడు కదా? బెల్టు ఎందుకు? నాకు కావాల్సింది అతని దగ్గర ఫ్రీగా ఉంది.

ఇంకొకటి, టీ6కీ, దానికి పైనా దెబ్బ తగిలినవాళ్ళు ఇది చదువుతుంటే ఆగి వినండి. మొదటిసారి బెల్టు పెట్టినప్పుడు నా తల పగిలిపోయింది. ముఖం ఎర్రబడి మెడనుంచి పైకి చెమటలు. నా మామూలు బీపీ పైది 95. ఆ రోజు 158 చూపించింది. బీపీ ఇలా ఒక్కసారిగా ఎగబాకడానికి పేరు అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా. మలాశయం సాగినా, వేలు పెట్టినా, కరెంటు పెట్టినా రావచ్చు. వెంటనే ఆపేయాలి, నిటారుగా కూర్చోబెట్టాలి, బిగుతు బట్టలు వదులు చేయాలి, కేథటర్ మెలిపడిందేమో చూడాలి, తగ్గకపోతే ఆస్పత్రికి. మామూలుకంటే 20, 30 పెరిగినా మనకు ఎక్కువే. 130 చూసి అది నార్మలే కదా అనే డాక్టర్లు కూడా నాకు తగిలారు. ఇప్పుడు ముందు మత్తు జెల్ రాసి కొన్ని నిమిషాలు ఆగి మొదలుపెడతాం, బీపీ మెషీన్ పక్కనే ఉంటుంది.


నిద్రపట్టని_నరం
గురువారం, రాత్రి 2:20

చీలమండ సూది మిగిలిపోయింది కాబట్టి. లోపలి చీలమండకు మూడు వేళ్ళ పైన టిబియల్ నరం పక్కన సన్న సూది, వారానికి అరగంట, 12 వారాలు. ఆ నరమూ త్రికాస్థి నరాలనుంచే వస్తుంది కాబట్టి కిందనుంచి సందేశం పంపొచ్చని లాజిక్. లాజిక్ బాగానే ఉంది. కానీ మోషన్ లీకయ్యే మామూలు జనం 227 మంది మీద బ్రిటన్‌లో నిజం సూది, ఉత్తుత్తి సూది పెట్టి పోల్చారు, 2015లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. లీకులు సగానికి తగ్గినవాళ్ళు నిజం సూదిలో 38 శాతం, ఉత్తుత్తి దాంట్లో 31 శాతం. ఆ తేడా లెక్కలోకి రాలేదు. మనలాంటివాళ్ళ మీద చేసింది కాదు, నిజమే. అయినా ఉత్తుత్తి సూదితోనే నూటికి 31 మందికి సగానికి తగ్గిందంటే, "నాకు పనిచేసింది" అని వీడియో పెట్టేవాళ్ళను ఎంత నమ్మాలో మీరే చూసుకోండి.


కుంటుతూ_నడుస్తా
గురువారం, ఉదయం 8:05

నన్ను ఉద్దేశించి కాదు కదా? 🙂


నిద్రపట్టని_నరం
గురువారం, ఉదయం 8:50

కాదు సార్. మీరు డైరీ రాశారు, ముందూ తర్వాతా లెక్కపెట్టారు. మీది త్రికాస్థి నరం పద్ధతి, దాన్ని మోషన్ లీకుకు వాడిన మొదటి రిపోర్టు 1995లో వచ్చింది, అమెరికాలో మందులనూ పరికరాలనూ పరిశీలించే సంస్థ ఎఫ్‌డీఏ 2011లో అనుమతించింది. అయితే ఆ అనుమతి ఆపుకోలేనివాళ్ళకు, మలబద్ధకానికి కాదు. మీ అనుభవం కూడా అదే చెప్తోంది.


రేపటి_కబురు
గురువారం, మధ్యాహ్నం 3:12

వెన్నుపాము మీదే పెట్టే ఎపిడ్యూరల్ సంగతేంటి? కాళ్ళు కదిలిస్తున్నారు కదా దాంతో. ఇప్పుడు చర్మం మీదే పెట్టేది కూడా వచ్చిందట.


నిద్రపట్టని_నరం
గురువారం, సాయంత్రం 6:30

చర్మం మీద పెట్టేదానికి 2024 డిసెంబరులో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది, మెడ గాయం ఉన్నవాళ్ళ చేతుల బలం, స్పర్శ కోసం. పేగు కోసం కాదు. ఎపిడ్యూరల్ కాళ్ళకోసం పెట్టించుకున్న కొందరికి మోషన్ టైం కూడా తగ్గిందని పరిశోధనల్లో రాస్తున్నారు. ఇంకా పరిశోధనే.


నాలుగు_చక్రాలు
గురువారం, రాత్రి 8:44

పెద్దోడు గారూ, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. సుబ్బు గారి పోస్టు చదివినప్పటినుంచి బుర్రలో తిరుగుతోంది. మీ తమ్ముడి చేతులు పూర్తిగా బాగున్నాయి. కేథటర్ తనే పెట్టుకుంటాడన్నారు. మరి ఈ పని మీరెందుకు చేస్తున్నారు?


పెద్దోడు
గురువారం, రాత్రి 11:58

మూడుసార్లు టైపు చేసి చెరిపేశాను.

మొదట్లో వాడు కూర్చోలేకపోయేవాడు, నేనే చేసేవాణ్ణి. ఆ తర్వాత అలా అలవాటైపోయింది. వాడెప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ చెప్పలేదు. ఆ రెండు గంటలూ మేం ఒకరి ముఖం ఒకరం చూసుకోం. వాడు గోడవైపు తిరిగి పడుకుంటాడు, నేను రేడియో పెడతాను.

సోమవారం డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికింది. వెళ్ళొచ్చి రాస్తాను.


లక్ష్మి_అమ్మ
శుక్రవారం, ఉదయం 6:02

ఏం పర్లేదు నాయనా. మా ఇంట్లోనూ రేడియోనే.


పెద్దోడు
రెండు వారాల తర్వాత, రాత్రి 10:10

వెళ్ళొచ్చాం. సూదితో తాకితే ముడుచుకోవడం లేదు. కేథటర్ లాగినా ఏం లేదు. రెండు వైపులా చూశారు. మాధవి మేడమ్ అనుమానమే నిజమైంది. రిఫ్లెక్స్ లేని రకం, కరెంటు పద్ధతుల్లో వాడికి సరిపోయేది ప్రస్తుతానికి లేదని డాక్టరుగారు తేల్చి చెప్పారు. బయటికొచ్చాక కారులో వాడేం మాట్లాడలేదు.

పొట్ట ఎక్స్‌రే తీశారు. ఎడమ పక్కంతా మలం పేరుకుపోయి ఉంది. ముందు అది ఖాళీ చేయించారు, వారం పట్టింది. తర్వాత ప్లాన్ మొత్తం మార్చారు. వదులు కండరం గట్టిగా ఉన్నదాన్నయితే కాస్త నిలపగలదు కానీ పల్చటి మోషన్‌ను నిలపలేదట. మేం రోజూ సిరప్ పోసి మెత్తగా చేస్తున్నాం, అది పదకొండింటికి జారిపోతోంది! సిరప్ తగ్గించారు. మోషన్ ఎంత గట్టిగా ఉందో చూసే బొమ్మల చార్టు ఉంటుంది కదా 1 నుంచి 7 దాకా, అందులో 3 దగ్గర ఉండాలన్నారు, పైన సన్న పగుళ్ళతో పొడవుగా. సపోజిటరీలు ఆపేశారు. వేలితో తిప్పడం వద్దు, నేరుగా తీసేయడమే. రోజుకు రెండుసార్లు, తిన్న అరగంటకు.

ఇప్పటికి నాలుగు రోజులు. నిన్న 45 నిమిషాలు, ఇవాళ 50. బట్టల్లో ఒక్కసారి.


ఫిజియో_మాధవి
మర్నాడు, ఉదయం 7:45

చాలా సంతోషం. ముక్కేటప్పుడు మూత్రాశయం ఖాళీగా ఉండేలా చూసుకోమనండి, ముందు కేథటర్, తర్వాతే ఇది. గోళ్ళు పొట్టిగా, జెల్ ధారాళంగా, ఒక్క వేలే. రక్తం కనబడితే ఆ పూటకు ఆపేయండి.

రెండు నెలల తర్వాత కూడా ఇబ్బందిగా ఉంటే నీళ్ళతో కడిగే పద్ధతి గురించి డాక్టరుగారిని అడగండి. మలద్వారంలో చిన్న గొట్టం, బెలూన్ ఊది నిలుపుతారు, గోరువెచ్చటి నీళ్ళు పంపి ఖాళీ చేస్తారు. 2006లో యూరప్‌లో వెన్నుపాము గాయం ఉన్న 87 మంది మీద 10 వారాలు చూస్తే మామూలు పద్ధతికంటే మలబద్ధకం, లీకు రెండూ తగ్గాయి. పేగుకు చిల్లు పడే ప్రమాదం చాలా అరుదు కానీ ఉంది, కాబట్టి మొదటిసారి ఇంట్లో సొంతంగా మొదలుపెట్టకండి.


సీ6_సుబ్బు
మర్నాడు, ఉదయం 10:20

రెండు గంటల పది నుంచి యాభై నిమిషాలకు, ఏ కరెంటూ లేకుండా. నా బెల్టు కూడా ఇంత తగ్గించలేదు, అసూయగా ఉంది.


చిన్నోడు
ఐదు వారాల తర్వాత, రాత్రి 11:32

నమస్తే. ఈ థ్రెడ్‌లో మీరంతా మాట్లాడుకున్నది నా గురించే. అన్నయ్య ఫోన్‌లో మొత్తం చదివాను. నాలుగు_చక్రాలు అక్క అడిగిన ప్రశ్న దగ్గర ఆగిపోయి మళ్ళీ మర్నాడు చదివాను.

మూడు వారాలుగా నేనే చేసుకుంటున్నాను. సీటు పక్కన చెయ్యి దూరేంత ఖాళీ ఉన్న కమోడ్ కుర్చీ తెచ్చుకున్నాం. ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని ముందుకు వంగి, కుడి చేత్తో. మొదటి రోజు గంటన్నర పట్టింది, సగం టైం గ్లౌజు ఎక్కించడానికే (ఒక చేత్తో ట్రై చేయండి తెలుస్తుంది). ఇప్పుడు 35 నిమిషాలు. రేడియో నేనే పెట్టుకుంటున్నా.

ఒక డౌట్. నిన్న అద్దంలో చూసుకుంటే కూర్చునే ఎముక దగ్గర రూపాయి బిళ్ళంత ఎర్రమచ్చ ఉంది. వేలితో నొక్కితే తెల్లబడడం లేదు. కుర్చీ సీటు గట్టి ప్లాస్టిక్. ఇది మామూలేనా?


లక్ష్మి_అమ్మ
రాత్రి 11:40

మామూలు కాదు బాబూ. నొక్కినా తెల్లబడలేదంటే లోపల దెబ్బ మొదలైనట్టే. రేపటినుంచి ఆ కుర్చీ ఎక్కకు. మంచం మీద ఎడమ పక్కకు తిరిగి పడుకుని చేసుకో, కింద ప్యాడ్ వేసుకో. మచ్చ మీద బరువు పడకూడదు, అది పోయేదాకా వీల్‌చైర్ మీద కూడా ఎక్కువసేపు వద్దు. రేపు డాక్టరుకు చూపించు. మళ్ళీ కుర్చీ ఎక్కేటప్పటికి మెత్తటి సీటు వేయించుకో.


ఫిజియో_మాధవి
రాత్రి 11:52

అమ్మ చెప్పింది అక్షరాలా చేయండి. అద్దంలో చూసుకునే అలవాటు మాత్రం మానొద్దు, రోజుకు రెండుసార్లు.


చిన్నోడు
రాత్రి 11:58

సరేనమ్మా. సరే మేడమ్. అన్నయ్యకు మాత్రం ఎవరూ చెప్పకండి, మళ్ళీ ఐదింటికి లేచి వచ్చేస్తాడు.


పెద్దోడు
రాత్రి 12:03

చదివాను.